కొలత నీళ్ళు

మా ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం వేసేవారు. పిల్ల ఐస్‌క్రీం తినేస్తుందని కాదు, పనిమనిషి పాలు తాగేస్తుందని కాదు. నేను నీళ్ళు దొంగిలిస్తానని. ముమ్మిడివరం హైస్కూల్లో లెక్కలు చెప్పే సువర్ణ టీచరు, క్లాసులో అడుగు పెడితే గుండుసూది పడినా వినిపించే సువర్ణ టీచరు, సొంత ఇంట్లో నీళ్ళ దొంగ. ఈ మాట నేను నవ్వుతూ చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళిష్టం.

నాకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు కాకినాడ వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. ఒంట్లోకి వెళ్ళిన నీళ్ళకి బయటికి వచ్చే దారి లేదు కాబట్టి మిషను తీసేదాకా లోపలే ఉంటాయి. అందుకని రోజుకి అర లీటరు సీసా ఒక్కటే నా వాటా. కాఫీ, మజ్జిగ, మాత్రలు మింగడానికి గుక్కెడు, అన్నీ ఆ లెక్కలోవే. మొదట్లో ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటేవాళ్ళం, తరవాత వంతెన వచ్చింది. దారంతా ఏరు, కాలవలు, చేపల చెరువులు. నాకు మాత్రం ఐసుముక్క చప్పరించాలన్నా లెక్కే. పోనీలే, లెక్కల టీచర్ని కదా అనుకున్నాను. ఆ లెక్క నేను ఒక్కరోజు కూడా తప్పలేదు.

మా కోనసీమలో రోగిని చూడ్డానికి ఎవరూ ఉత్త చేతుల్తో రారు. బొండాలు తెస్తారు. కొబ్బరి నీళ్ళు కిడ్నీ రోగికి విషంతో సమానమని, గుండె ఆగిపోతుందని మా ఆయన ప్రేమ్ కుమార్ వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. "ఆయ్, అలాగాండీ, పాపం" అనేవారు. అని, తెచ్చినవి వెనక్కి పట్టుకెళ్ళడం బాగుండదని, నా మంచం ఎదుటే కుర్చీలు వేసుకుని తలా ఒకటి కొట్టించుకుని తాగేవారు. తాగి, మూతి తుడుచుకుని, "ఒంట్లో ఎలా ఉందండి టీచరుగారూ?" అనేవారు. ఒళ్ళు మండిపోయేది. "బాగానే ఉందండి" అనేదాన్ని.

ఆ ఏడు వేసవి సెలవులకి ముందు ఆయాసం మొదలైంది. బోర్డు మీద ఒక లెక్క చివరిదాకా వేయలేక కుర్చీలో కూలబడేదాన్ని. కాకినాడలో మేం వెళ్ళే ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్సరే తీశారు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. మిషను దగ్గర పనిచేసే వీరవెంకటరమణ చెడ్డవాడు కాదు, నోట్లో మాట దాగదు, అంతే.

"మేడంగారూ, నీళ్ళు ఎక్కువ తాగేస్తున్నారండి. తగ్గించాలండి" అన్నాడు, వార్డంతా వినేలా.

"నేను తాగట్లేదు బాబూ."

"అందరూ అలాగే అంటారండి" అని నవ్వాడు.

పెద్ద డాక్టరూ అదే అన్నాడు. నేను ఎక్సరే అడిగి చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాను. ఎడమ పక్క నల్లగా శుభ్రంగా ఉంది. కుడి పక్క కిందనుంచి సగందాకా తెల్లగా ఉంది.

"డాక్టరుగారూ, తాగిన నీళ్ళు ఒక పక్కకే ఎలా వెళ్తాయండీ? రెండు పక్కలా రావాలి కదా? కాళ్ళు వాచాలి కదా? నా కాళ్ళు చూడండి, పుల్లల్లా ఉన్నాయి" అన్నాను.

ఆయన నన్ను కాదు, మా ఆయన్ని చూసి నవ్వాడు. "టీచర్లతో ఇదేనండి కష్టం. మనకే ప్రశ్నపత్రం ఇస్తారు" అన్నాడు. మా ఆయనా నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంత పెద్ద డాక్టరు జోకు వేస్తే నవ్వకపోతే మర్యాద కాదనుకున్నాడు కాబోలు. మిషను మీద నీరు ఇంకా ఎక్కువ లాగమని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. అలా లాగితే పిక్కలు పట్టేసేవి, బీపీ పడిపోయి కళ్ళు బైర్లు కమ్మేవి, గొంతు ఎండి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఛాతీలో నీరు మాత్రం కదిలేది కాదు.

ఫ్రిజ్‌కి తాళం వేసింది మా అత్తగారు మార్తమ్మ. ఆ సాయంత్రమే వేసింది. మంచినీళ్ళ కుండ తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ అరుగు మీద పెట్టించింది. "దాహం ఎవరికి ఉండదు? నిగ్రహం ఉండాలి గానీ" అని గోడకి చెప్పినట్టు నాకు చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అత్తయ్యగారూ, నేను తాగట్లేదని చెప్పేను కదండీ!"

"నిన్ను నేనేవన్నా అన్నానా అమ్మాయ్? నీ మంచికే కదా."

నీ మంచికే! ఆ మాట ఒక్కటి నోట్లో ఉంటే చాలు, మనిషిని ఎంత దూరమైనా తోసుకుపోవచ్చు. నా మంచికే స్నానాల గది తలుపు గడియ ఊడదీయించారు. బకెట్లో నీళ్ళు తాగేస్తానేమోనని అత్తగారు బయట స్టూలు వేసుకుని కూర్చునేది. లోపల మగ్గు చప్పుడు కాస్త ఆగితే చాలు, "అమ్మాయ్, ఏం చేస్తున్నావు?" అని కేక. ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి, "ఒళ్ళు రుద్దుకుంటున్నానండీ" అని జవాబు చెప్పుకునేదాన్ని. ఏడుద్దామంటే కూడా భయమేసేది. కళ్ళలోకి అన్ని నీళ్ళు ఎక్కడివని అడుగుతారని.

ఇంత ఇంట్లో నన్ను నమ్మింది ఒక్క మనిషి. మా అమ్మాయి జెస్సీ. నా స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. ఒకసారి తను తప్పు రాసిన జవాబుకి సోషల్ మేష్టారు పొరపాటున మార్కులు కలిపేస్తే, అదే వెళ్ళి చెప్పి తగ్గించుకొచ్చిన పిల్ల. అలా పెంచింది నేనే. ఎవరేం అన్నా ముందు నిజం చెప్పాలి, తరవాతే అన్నం అని చెప్పి పెంచాను. అది వాళ్ళ నాన్నమ్మ మీదికి కోడిపెట్టలా లేచేది.

"అమ్మ తాగలేదంటే తాగలేదు నాన్నమ్మా. అమ్మ ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా? ఒక్కసారి చెప్పు, ఎప్పుడు చెప్పిందో?"

అత్తగారు కొంగు దులుపుకుని వంటింట్లోకి పోయేది. ఆ కాసేపు నాకు ఆయాసం కూడా తగ్గినట్టుండేది.

జూన్‌లో మా పెరట్లో కొబ్బరి దింపు తీయించాం. దింపువాళ్ళు పని అయ్యాక తలో బొండాం కొట్టుకుని తాగి, ఖాళీది ఎక్కడ పడితే అక్కడ గిరాటేసి పోతారు. ఈ సీమలో పుట్టిన ఎవర్ని అడిగినా చెబుతారు. మర్నాడు నా గది కిటికీ కింద ఒక ఖాళీ బొండాం కనిపించింది. అత్తగారు దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి హాల్లో బల్ల మీద పెట్టింది. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి స్కూటరు దిగి లోపలికొచ్చేసరికి అది అక్కడ కూర్చుని ఉంది.

"ఏంటిది సువర్ణా?"

"బొండాం" అన్నాను. ఇంకేం చెప్పను?

"దింపువాళ్ళు పారేసుంటారు నాన్నా. నిన్న నేను చూశాను, వాళ్ళు తాగేరు" అంది జెస్సీ.

"పెరడంతా వదిలేసి కిటికీ కిందే పారేస్తారేంటమ్మా?" అని, ఆయన నా పక్కన కూర్చుని మెల్లగా, "నాకు నిజం చెప్తే నేనేమన్నా అంటానా?" అన్నాడు. మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు, ఊళ్ళో అందరూ మంచివాడంటారు. నిజం చెప్పేసిన మనిషిని ఇంకా నిజం చెప్పమని బతిమాలుకోవడం ఆయన మంచితనం.

అప్పటికి నా తమ్ముడు కృపానందం నాకు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చాడు. అమలాపురం ఆర్టీసీ డిపోలో మెకానిక్ వాడు. పరీక్షలన్నీ అయ్యాయి, వాడిదీ నాదీ కలిసింది. విశాఖపట్నంలో ఆపరేషను. వాడి భార్యకి ఇష్టం లేదు. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. నా మొగుడు వాళ్ళక్కకి కిడ్నీ ఇస్తానంటే నేనూ పసుపుబట్టలు పెట్టి పంపను. కానీ బొండాం కథ అమలాపురం చేరేసరికి ఆవిడ చేతికి సాకు దొరికింది. తమ్ముడు వచ్చి నా మంచం పక్కన కూర్చుని చేతులు నలుపుకున్నాడు.

"అక్కా, కాకినాడ డాక్టరుగారితో మాట్లాడేను. నీళ్ళు ఆపుకోలేని మనిషికి కిడ్నీ పెట్టినా నిలబడదంటున్నారు. రేపు మందులు కూడా అలాగే ఎగ్గొడతారంట. ఇచ్చింది బూడిదలో పోసినట్టేనంట."

"నేను తాగలేదురా."

"అదిగో! అదే అక్కా. తప్పు ఒప్పుకున్న మనిషి మానేస్తాడని నమ్మొచ్చు. ఒప్పుకోకపోతే ఏం చూసి నమ్మాలి? ఇంట్లో దానికి ఏం చెప్పాలి నేను?" తల ఎత్తకుండా, "శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నిలబడి ఒప్పేసుకో. సంఘం ముందు ఒప్పుకున్న తప్పు నువ్వు మళ్ళీ చెయ్యవు, నాకు తెలుసు. అప్పుడు నేనెవరి మాటా వినను. నీతో వైజాగ్ వచ్చేస్తాను" అన్నాడు.

మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకి సాక్ష్యాలు చెప్పుకుంటారు. సారా తాగి పెళ్ళాన్ని కొట్టినవాడు, తోడికోడలి మీద చాడీలు చెప్పినది, లేచి నిలబడి తప్పు ఒప్పుకుంటారు. అందరూ కళ్ళు తుడుచుకుంటారు, పాట ఎత్తుకుంటారు, ఆ మనిషిని దగ్గరికి తీసుకుంటారు. మా తాతల నాటినుంచీ ఉన్న పద్ధతి. దాని వల్ల బాగుపడ్డ ఇళ్ళు నేనే చూశాను. అక్కడ చెప్పిన మాటకి మా వాళ్ళలో ఉన్న విలువ కోర్టు మెట్లెక్కి చెప్పిన సాక్ష్యానికి కూడా ఉండదు. చేసిన తప్పు దాచుకునేవాళ్ళు ఉంటారని అందరికీ తెలుసు. చెయ్యని తప్పు ఒప్పుకునే మనిషి ఒకడుంటాడని మాత్రం మా వాళ్ళ ఊహకి కూడా అందదు.

ఈ సంగతి మా పాస్టరు ఏసుపాదంగారికి తెలిసింది. పెద్దాయన. నాకు పెళ్ళి చేసిందీ ఆయనే. గురువారం మధ్యాహ్నం గొడుగు ముడుచుకుంటూ వచ్చి, అత్తగార్ని కాఫీ పెట్టమని వంటింట్లోకి పంపించి, నన్ను అడిగాడు.

"అమ్మా సువర్ణా, తాగేవా?"

"లేదండి అయ్యగారూ."

"అయితే రేపు లేవొద్దు తల్లీ. లేని తప్పు ఒప్పుకోవడం కూడా అబద్ధమే."

"కిడ్నీ మీరిస్తారా అండీ?" అన్నాను.

నోరు జారింది. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన తల దించుకుని, గొడుగు పిడి నిమురుతూ కూర్చుండిపోయాడు. కాఫీ వచ్చింది, తాగేశాడు, ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు.

జెస్సీకి ముందే చెప్పొచ్చు కదా అంటారు. చెబితే అది ఊరుకునే పిల్ల కాదు. ప్రార్థన కూడిక మధ్యలో లేచి, "మా అమ్మ చేత అబద్ధం చెప్పిస్తున్నారు" అని అరుస్తుంది. అరిస్తే కిడ్నీ పోతుంది. ఆపరేషను అయ్యాక, ఇంటికి తిరిగొచ్చాక, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెబుదామనుకున్నాను. బతికొచ్చి చెబుదామనుకున్నాను. ఎవరికోసం బతకాలనుకున్నానో ఆ పిల్లకి తప్ప నా తాపత్రయం ఊరందరికీ తెలుసు.

శుక్రవారం లేచాను. మా ఆయన రెక్క పట్టుకుని నిలబెట్టాడు.

"నేను నీళ్ళు తాగాను. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా తాగాను. బొండాం కూడా నేనే తాగాను. తాగలేదని అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."

అంతే. బ్లాక్‌బోర్డు మీద తప్పు లెక్క వేసి కింద నా సంతకం పెట్టినట్టుంది. అత్తగారు వచ్చి నన్ను కావలించుకుని భోరుమంది. తమ్ముడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి నా తల నిమిరారు. నా పక్కన కూర్చున్న ముసలావిడ ఒకతె మాత్రం చెవి దగ్గరికి వచ్చి, "ఆ ఆయాసంతో బొండాం ఎలా కొట్టుకున్నావే అమ్మా? కత్తి ఎక్కడిది?" అని అడిగింది. అంతమందిలో బుర్ర పనిచేసిన మనిషి ఆవిడొక్కతే. ఏసుపాదంగారు నావైపు చూడలేదు. పాట ఎత్తుకున్నాడు, రోజూకంటే పెద్ద గొంతుతో.

జెస్సీ ఆడపిల్లల వరసలో కూర్చుని ఉంది. పాట పాడలేదు. ఇంటికొచ్చాక బట్టలు మార్చుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"నాతో కూడానా అమ్మా?"

తమ్ముడు హాల్లో మా ఆయనతో వైజాగ్ ప్రయాణం మాట్లాడుతున్నాడు. వాడి గొంతు వినిపిస్తోంది. నేను అవునని తల ఊపాను.

అది ఏడవలేదు, అరవలేదు. మర్నాటి నుంచి నా సీసా అదే కొలిచి నింపి, బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఫ్రిజ్ తాళంచెవి వాళ్ళ నాన్నమ్మని అడిగి తీసుకుని మెడలో గొలుసుకి కట్టుకుంది. వంగి సీసా పెట్టినప్పుడల్లా ఆ తాళంచెవి నా మొహం ముందు ఊగేది.

వైజాగ్ ప్రయాణం ఆగిపోయింది. ఛాతీలో నీరు తగ్గితే గానీ మత్తు ఇవ్వరని కాకినాడ డాక్టరు చెప్పాడు. "మొత్తానికి ఒప్పుకుందండి" అని మా ఆయన ఆయనకి సంతోషంగా చెప్పాడు. "చూశారా మరి! ఇంక అదే తగ్గుతుంది" అన్నాడు డాక్టరు. తగ్గించాలని నేను నా అర లీటరు కూడా సగం మానేశాను. పెదాలు పగిలి నెత్తురొచ్చేది. ఛాతీలో నీరు పెరిగింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది, జాకెట్లు వదులైపోయాయి. ఇదివరకు నేను తాగలేదంటే కనీసం వాదించేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు. "సరేలే అమ్మాయ్" అని జాలిగా నవ్వేవారు. ఒప్పుకున్న దొంగ మాటకి విలువేముంటుంది? సూది పెట్టి ఆ నీరు బయటికి తీసి చూడండి అని నేను అడిగితే, "తాగడం మానెయ్యండి, సూది అక్కర్లేదు" అన్నాడు పెద్ద డాక్టరు. వానాకాలమంతా అలాగే గడిచిపోయింది.

దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్న ఊపిరి అందక నీలంగా అయిపోయాను. తమ్ముడు కారు మాట్లాడి, కాకినాడలో ఆపకుండా తిన్నగా విశాఖపట్నం పట్టుకెళ్ళిపోయాడు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను వంగి కూర్చోమని, వీపులోకి సూది గుచ్చి నీరు తీసింది. సీసా ఎత్తి వెలుతురుకి పెట్టింది. నీళ్ళలా లేదు. చిక్కగా, మడ్డిగా, కాస్త ఎర్రగా ఉంది.

"ఇది తాగిన నీరు కాదండి. ఇంతకుముందు ఎవరూ తీసి చూడలేదా?" అంది.

"తనే తాగేనని ఒప్పుకుందండి" అన్నాడు మా ఆయన.

"ఎవరి దగ్గర?"

"చర్చిలోనండి."

ఆవిడ మా ఆయన్ని చూసింది, నన్ను చూసింది, సీసాకి మూత పెట్టింది.

ఆ నీరు చెన్నై పంపించి పరీక్ష చేయించారు. లింఫోమా అన్నారు. ఒక రకం క్యాన్సరు. మామూలుగా అది గడ్డలా వస్తుందట. నాకు వచ్చింది గడ్డ లేకుండా, ఛాతీలో ఊరిన నీటిలోనే తేలుతూ పెరిగే రకం. చాలా అరుదట. పెద్ద డాక్టర్లు కూడా పుస్తకంలో చదవడమే గానీ చూడ్డం ఇదే మొదలని నా మంచం చుట్టూ చేరి చూసి వెళ్ళారు. జీవితంలో ఒక్కసారి ఫస్టు వచ్చాను, అది ఇందులో.

"ఇంక కిడ్నీ పెట్టడం కుదరదండి. దానికి వాడే మందులు ఈ జబ్బుని ఇంకా పెంచుతాయి" అంది డాక్టరమ్మ.

"వేసవిలోనే తీసి చూసుంటే?"

ఆవిడ కళ్ళు పక్కకి తిప్పుకుంది. "చెప్పలేమండి. టైమైతే దొరికేది."

క్యాన్సరు మందు ఎక్కించారు. జుట్టు పోయింది, జబ్బు పోలేదు. ఇంటికి తీసుకొచ్చేశారు.

ఇంటికొచ్చాక అందరూ నా కాళ్ళ మీద పడతారనుకున్నాను. ఆ ఆశ కూడా మిగలకూడదని రాసి ఉంది. "క్యాన్సరు క్యాన్సరే, నీళ్ళు నీళ్ళే. ఒకటుంటే రెండోది ఉండకూడదనుందా? తనే కదా సంఘంలో చెప్పింది" అంది అత్తగారు. చూడ్డానికొచ్చినవాళ్ళకి కూడా అదే చెబుతోంది, నాకు గోడ అవతలినుంచి వినిపిస్తుంది. మా ఆయన ఎటూ చెప్పడు. తమ్ముడొక్కడూ నా చెయ్యి పట్టుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చాడు.

"అక్కా, ఇప్పటికైనా చెప్పు. తాగేవా, లేదా?"

"లేదురా. నువ్వు ఒప్పుకోమన్నావని ఒప్పుకున్నాను."

"నేను ఒప్పుకోమన్నాను గానీ, అబద్ధం చెప్పమన్నానా అక్కా?"

వాణ్ణి కొట్టడానికి చెయ్యి లేవలేదు.

ఏసుపాదంగారు వచ్చాడు. "ఆరోజు నేను నోరు విప్పాల్సిందమ్మా" అన్నాడు. "ఈ ఆదివారం విప్పండి అయ్యగారూ" అన్నాను. ఆయన గొడుగు అందుకుంటూ, సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఇక ఎవరికీ నమ్మకం ఉండదేమోనమ్మా, అన్నాడు. అదీ నిజమే. నా ఒక్కదాని మాట నిలబెట్టడానికి అన్నేళ్ళ పద్ధతిని ఎవరు పాడు చేసుకుంటారు?

వీళ్ళెవరూ నమ్మకపోతే పోనీ. జెస్సీకి చెప్పాను. ఎందుకు లేచానో, ఎందుకు తల ఊపానో, అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అది మంచం కోడు పట్టుకుని నిలబడి విన్నది.

"అంటే అప్పుడు అందరి ముందూ చెప్పింది అబద్ధమా?"

"అవును."

"ఇప్పుడు చెప్పేది నిజమా?"

"నిజమే తల్లీ."

"అప్పుడు కూడా నిజమేనన్నావు కదమ్మా" అంది. కోపం లేదు గొంతులో. లెక్క తేలనప్పుడు నా క్లాసు పిల్లలు బోర్డు వైపు ఎలా చూస్తారో అలా చూసింది నన్ను. నేను చచ్చిపోయాక ఇది ఇలాగే చూస్తూ ఉంటుందా, మా అమ్మ మంచిదే గానీ అబద్ధాలకోరు అని రేపు దాని పిల్లలకి చెబుతుందా? ఛాతీలో నీటికంటే అది ఎక్కువ బరువుగా ఉంది.

ఇప్పుడు మిషను కూడా ఆపేశాం. డయాలిసిస్‌కి కూర్చునే ఓపిక లేదు. ఇంక ఏ నియమమూ వద్దు, ఏం తాగాలనిపిస్తే అది తాగనివ్వండి అని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఫ్రిజ్‌కి తాళం తీసేశారు. తమ్ముడు బొండాల గెల తెచ్చి గుమ్మంలో పడేశాడు. జెస్సీ గాజు జగ్గు నిండా చల్లటి నీళ్ళు నింపి, నా చెయ్యి అందేలా బల్ల మీద పెట్టింది.

"ఎంతైనా తాగొచ్చటమ్మా" అంది.

నేను తాగలేదు. నా పాత సీసాలోంచే, చెంచాతో, నా కొలత ప్రకారమే తాగాను. మర్నాడు పొద్దున్న వెలుతురు జగ్గు మీద పడితే, గోడ వైపు ఉన్న పక్కన, నీటి మట్టం దగ్గర, పెన్నుతో గీసిన సన్నటి గీత కనిపించింది. జెస్సీ చేతి గీత. స్కేలు లేకుండా గీసినా వంకర పోదు. అది గదిలోకి వచ్చి ముందు నా మొహం చూడలేదు, జగ్గు చూసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా కడుపున పుట్టినది నాకు పరీక్ష పెట్టింది! తరవాత అనుకున్నాను, సరే, పెట్టనీ. ఊరంతా పెట్టిన పరీక్షలన్నీ రాశాను, దీనిది రాయలేనా?

జగ్గు అలాగే ఉంది. చెమ్మ పట్టి, పైనుంచి బొట్లు జారుతూ ఉండేది. నా నాలుక చెక్కముక్కలా ఉండేది. చెయ్యి చాపితే అందుతుంది. అడిగేవాళ్ళు లేరు, తాళం లేదు, స్టూలు వేసుకుని కూర్చున్నవాళ్ళు లేరు. చెయ్యి నా దుప్పటి కింద పెట్టుకున్నాను. రోజూ పొద్దున్న జెస్సీ వచ్చేది, వంగి గీత చూసేది, పాత నీళ్ళు పారబోసి మళ్ళీ గీత దాకా నింపేది. నాకు గుటక పడటం కూడా కష్టమైపోతోంది, సీసాలో నీళ్ళు మిగిలిపోతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే, తాగలేక తాగలేదు అనుకుంటారు.

నిన్న పొద్దున్న వచ్చింది. వంగి చూసింది. నీళ్ళు సరిగ్గా గీత మీద ఉన్నాయి. చాలాసేపు వంగే ఉంది. తరవాత నేల మీద కూలబడిపోయింది.

"తాగలేదా అమ్మా?"

"లేదు."

"అప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

చున్నీ కొస నీళ్ళలో ముంచి గీతని రుద్దింది. పెన్ను సిరా కదా, త్వరగా పోలేదు. పళ్ళు బిగించి, ఏడుస్తూ, పోయేదాకా రుద్దింది. తరవాత పెరట్లోకి పరిగెత్తి, కత్తితో తనే బొండాం కొట్టుకొచ్చింది. ఎప్పుడూ కొట్టలేదు, వేలు తెగింది. నా తల ఒళ్ళో పెట్టుకుని గ్లాసు పెదాలకి ఆనించింది.

"తాగమ్మా. నీ ఇష్టం వచ్చినంత తాగు. నేను కొలవను."

రెండేళ్ళయింది ఆ రుచి తెలిసి. నోట్లో పడ్డాయి, తియ్యగా ఉన్నాయి. మింగబోతే గొంతు దిగలేదు. పెదాల పక్కనుంచి కారి మెడ మీదికి, దిండు మీదికి పోయాయి. గుమ్మంలోంచి అత్తగారు, "నెమ్మదిగా పట్టవే, అన్నీ పారబోస్తోంది" అంటోంది. జెస్సీకి వినిపించలేదు. "తాగమ్మా, తాగు" అంటూ పోస్తూనే ఉంది. మింగలేకపోయినా, దానికోసం నేను నోరు తెరిచే ఉంచాను.